ఒకనాడు ఆసుపత్రి – ఇరవై నాళ్ళు ఇల్లు

(వృద్ధాప్యంలో అండాశయ క్యాన్సర్ చికిత్స: ఇంటివారు తెలిసికొనవలసిన విషయాలు)

మన నెల్లూరు తీర గ్రామాలలో ఎవరిని గురించి అయినా "మద్రాసు పోయి వస్తున్నారు" అని తగ్గు స్వరంతో చెప్పుకొంటే, అది ఏ వ్యాధిని గురించిన మాటో వినేవారికి వెంటనే బోధపడుతుంది. పట్టణం పేరు 1996లో చెన్నైగా మారినా మన ఊళ్ళలో ఈ మాట మారలేదు. వ్యాధి పేరును మాత్రం ఎవరూ ఉచ్చరించరు. అందునా అది స్త్రీల లోపలి అవయవాలకు వచ్చిన క్యాన్సర్ అయితే, సిగ్గు, భయం రెండూ కలిసి ఇంటిలోని వారి నోళ్ళను కూడా కట్టివేస్తాయి. ఈ మౌనమే వ్యాధికి తోడైన రెండవ వ్యాధి అని నా అనుభవంలో తెలిసికొన్నాను. విద్యార్థి మిత్రులకు, కళాశాల సంఘ సభ్యులైన పెద్దలకు ఆ సంగతిని విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా దాదీమాకు అరవై తొమ్మిదవ ఏట అండాశయ క్యాన్సర్ అని తేలినది. చెన్నైలోని ఒక ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగినది. తరువాత మూడు వారాలకు ఒకసారి చొప్పున ఆరు పర్యాయాలు మందు ఎక్కించవలెనని వైద్యులు నిర్ణయించారు. మందు ఎక్కించేది ఒక్కరోజు. మిగిలిన ఇరవై రోజులూ రోగి ఇంటివద్దనే ఉంటుంది. ఆ ఇరవై రోజులలో ఏమి జరుగవచ్చునో, ఏమి చేయవలెనో తెలిపే కాగితం ఒకటి ఆసుపత్రివారు ఇచ్చారు. అది ఇంగ్లీషులో ఉన్నది. దాదీమా ఉర్దూ మాత్రమే చదువగలదు. అబ్బాకు తెలుగు వచ్చును. ఇంట ఇంగ్లీషు చదువగలిగినది నేనొక్కదాన్నే. ఆ కాగితాన్ని నేను చదవలేదు. మడిచి మందుల సంచిలో పెట్టినాను.

పదవనాటి రాత్రి దాదీమా రెండు దుప్పట్లు కప్పుకొని పడుకున్నది. ఏమని అడిగితే "సముద్రపు గాలి, చలిగా ఉన్నది" అన్నది. తెల్లవారిన తరువాత తాకి చూస్తే ఒళ్ళు కాలిపోతున్నది. రాత్రంతా జ్వరంతోనే ఉన్నదనీ, అబ్బా పగలంతా రొయ్యల చెరువు దగ్గర పనిచేసి వచ్చి నిద్రపోతున్నాడని లేపలేదనీ తరువాత చెప్పినది. నెల్లూరు ఆసుపత్రిలో చేర్చి, అయిదు రోజులు సూదిమందులు ఇస్తేగాని ఆమె కోలుకొనలేదు. "కొన్ని గంటలు ఆలస్యమై ఉంటే మా చేతిలో ఉండేది కాదు" అని అక్కడి వైద్యుడు చెప్పారు. ఇంటికి వచ్చిన తరువాత ఆ కాగితం తీసి చదివినాను. అందులో మొట్టమొదటి వాక్యం జ్వరాన్ని గురించినదే.

వ్యాధి స్వరూపం

అండాశయాలు గర్భాశయానికి ఇరుప్రక్కలా ఉండే చిన్న అవయవాలు. అక్కడ పుట్టిన క్యాన్సర్ మొదట నొప్పి కలిగించదు. కడుపు ఉబ్బరం, నాలుగు ముద్దలు తినగానే నిండినట్లు ఉండడం, మాటిమాటికి మూత్రానికి పోవలసి రావడం, ఇవే దాని లక్షణాలు. వీటిని మన ఇండ్లలో "గ్యాసు" అని, "వయసు" అని త్రోసివేస్తాము. ఈ వ్యాధి ఎక్కువగా ముట్లుడిగిన తరువాతి వయసులోనే కనిపిస్తుంది. ముందుగా కనిపెట్టడానికి ఏదైనా పరీక్ష పనికివస్తుందేమోనని బ్రిటన్‌లో రెండు లక్షలకు పైగా స్త్రీలపై ఎన్నో ఏండ్లు పరిశీలన జరిగినది. అట్టి పరీక్షల వలన మరణాలు తగ్గలేదని 2021లో తేలినది. కనుక చాలామందిలో వ్యాధి కడుపులో వ్యాపించిన తరువాతనే బయటపడుతున్నది. అటువంటివారికి శస్త్రచికిత్సతోపాటు మందులు కూడా తప్పనిసరి అవుతాయి.

ఆ మందులు సాధారణంగా రెండు: కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్. ఇవి ఎక్కడినుండి వచ్చినవో తెలిసికొంటే, అవి కలిగించే ఇబ్బందులకు కారణం కూడా కొంత తెలుస్తుంది.

మందుల కథ

1965లో అమెరికాలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞుడు విద్యుత్తు ప్రభావం సూక్ష్మజీవులపై ఎట్లుంటుందో పరిశీలిస్తున్నాడు. ఆ జీవులు రెండుగా చీలడం మానివేసి దారాలవలె పొడుగుగా సాగిపోయినవి. దానికి కారణం విద్యుత్తు కాదనీ, అందులో వాడిన ప్లాటినం కడ్డీలనుండి కరిగివచ్చిన పదార్థమనీ తరువాత తెలిసినది. కణాలు చీలకుండా ఆపేది క్యాన్సర్‌ను కూడా ఆపవచ్చును గదా! అట్లు పుట్టిన సిస్‌ప్లాటిన్ 1978లో అమెరికాలో వాడుకకు వచ్చినది. మూత్రపిండాలను అంతగా బాధించని దాని తమ్మునివంటి మందు కార్బోప్లాటిన్‌కు 1989లో అనుమతి లభించినది.

రెండవ మందు ఒక చెట్టు బెరడునుండి వచ్చినది. పసిఫిక్ తీరపు యూ అనే చెట్టు బెరడును 1962లో సేకరించారు. మన్రో వాల్, మన దేశంలో పుట్టిన మన్సుఖ్ వాణి అనే రసాయన శాస్త్రజ్ఞులు అందలి సారాన్ని వేరుచేసి, 1971లో దాని నిర్మాణాన్ని ప్రకటించారు. అది ఎట్లు పనిచేస్తుందో సుసాన్ హార్విట్జ్ అనే శాస్త్రజ్ఞురాలు 1979లో కనుగొన్నారు. కణం చీలవలెనంటే దాని లోపల అతి సన్నని గొట్టాలు ఏర్పడుతూ, విడిపోతూ ఉండాలి. ఈ మందు ఆ గొట్టాలను విడిపోనివ్వదు. కణం చీలలేక చస్తుంది. 1992లో ఈ మందుకు అమెరికాలో అనుమతి లభించినది అండాశయ క్యాన్సర్ కొరకే.

ఈ మందులకు క్యాన్సర్ కణం ఏది, మంచి కణం ఏది అన్న వివేకం లేదు. శరీరంలో త్వరత్వరగా చీలే కణాలన్నిటిపైనా వాటి దెబ్బ పడుతుంది. ఎముకల మూలుగులో రక్తకణాలు, నోటిలోని పొర, ప్రేగుల పొర, వెంట్రుకల కుదుళ్ళు, ఇవన్నీ అట్టివే. రక్తకణాలు తగ్గితే జ్వరం, నీరసం. పొరలు దెబ్బతింటే నోటిపూత, విరేచనాలు. కుదుళ్ళు దెబ్బతింటే జుట్టు రాలడం. ఇక నరాల సంగతి వేరు. నరాలు చీలవు. కాని వెన్నునుండి కాలివ్రేలి వరకు సాగిన పొడుగాటి నరంలో ఆహారం, సామగ్రి ఆ సన్నని గొట్టాలమీదుగానే ప్రయాణం చేస్తాయి. పాక్లిటాక్సెల్ ఆ దారిని బిగించివేస్తుంది. అందుచేతనే అందరికంటె పొడుగైన నరాలు ఉండే అరికాళ్ళలో మొదట తిమ్మిరి పుడుతుంది.

వయసు తెచ్చే తేడా

వయసు పెరిగినకొద్దీ మూత్రపిండాల శక్తి, ఎముక మూలుగు శక్తి తగ్గుతాయి. కార్బోప్లాటిన్ మోతాదును రోగి మూత్రపిండాల శక్తినిబట్టి లెక్కకట్టే సూత్రాన్ని 1989లో కాల్వర్ట్ ప్రకటించాడు. నేటికీ ఆ సూత్రమే ఆధారం. కనుక ప్రతి పర్యాయం ముందూ జరిగే రక్తపరీక్ష వట్టి లాంఛనం కాదు. నీళ్ళు తక్కువ త్రాగినా, మోకాళ్ళ నొప్పికి అంగడిలో కొన్న మాత్రలు చెప్పకుండా మ్రింగినా మూత్రపిండాలు దెబ్బతిని ఆ లెక్క తారుమారవుతుంది.

"ఈ వయసులో ఇదంతా ఎందుకు? ఏదో ఒక తేలిక మందు చాలును" అని మా బంధువులు కొందరు అన్నారు. ప్రేమతో అన్న మాటే. కాని ఆ మాటకు 2021లో ఫ్రాన్సువారి నాయకత్వంలో ప్రకటింపబడిన పరిశోధన ఒకటి సమాధానం చెప్పినది. డెబ్బది ఏండ్లు దాటి, ఆరోగ్యం అంతంతమాత్రంగా ఉన్న 120 మంది అండాశయ క్యాన్సర్ స్త్రీలను అందులో పరిశీలించారు. కార్బోప్లాటిన్ ఒక్కటే ఇచ్చినవారు రెండు మందులూ తీసికొన్నవారికంటె తక్కువ కాలం జీవించారు. పరిశోధనను మధ్యలోనే ఆపవలసి వచ్చినది. కనుక వయసు ఒక్కటే చూచి మందు తగ్గించరాదు.

అట్లని వయసును లెక్కచేయకుండా ఉండరాదు. అదే 2021లో అమెరికాలో డెబ్బది దాటిన, నయంకాని దశలోని వివిధ క్యాన్సర్ల రోగులు 718 మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు వెలువడినవి. రోగి నడక, జ్ఞాపకశక్తి, ఇతర మందులు, తిండి, ఇంటిలో తోడు, వీటినన్నిటినీ ముందుగా విచారించి వైద్యునికి తెలిపినప్పుడు తీవ్రమైన దుష్ఫలితాలు నూటికి 71 మందినుండి 51 మందికి తగ్గినవి. ఆయుర్దాయం తగ్గలేదు. ఈ అంకెలలో మనకు పాఠం ఉన్నది. ఆ విచారించిన విషయాలలో సగం ఇంటివారికి మాత్రమే తెలిసినవి. దాదీమా రాత్రివేళ తడుముకొంటూ నడుస్తున్నదని వైద్యునికి ఎవరు చెబుతారు, మనం చెప్పకపోతే?

జ్వరం

అన్నిటికంటె ముఖ్యమైనది ఇదే. మందు ఎక్కించిన తరువాత సాధారణంగా ఏడవనాటినుండి పధ్నాలుగవనాటివరకు తెల్ల రక్తకణాలు బాగా తగ్గుతాయి. కార్బోప్లాటిన్ వలన కొందరిలో ఇంకా ఆలస్యంగా కూడా తగ్గుతాయి. ఆ రోజులలో సూక్ష్మజీవులను ఎదుర్కొనే సైన్యం శరీరంలో ఉండదు. ఇంట థర్మామీటర్ తప్పక ఉండాలి. 100.4 డిగ్రీలు చూపినదా, అది రాత్రి రెండుగంటలైనా సరే, ఆసుపత్రికి బయలుదేరాలి. పారాసిటమాల్ మాత్ర వేసి తెల్లవారేవరకు చూడడం ప్రాణాపాయం; మాత్ర జ్వరాన్ని దాచిపెడుతుంది, రోగాన్ని ఆపదు. పెద్దవారిలో ఒక్కొక్కసారి జ్వరమే రాదు. వణకు, మత్తుగా పడి ఉండడం, మాట తడబడడం, మూత్రం తగ్గడం కనిపించినా జ్వరమనే ఎంచుకోవాలి.

చెన్నై మనకు 175 కిలోమీటర్ల దూరం. అంతదూరం పోయేవరకు ఆగరాదు. దగ్గరలోని పెద్ద ఆసుపత్రికి పోయి "క్యాన్సర్ మందు ఎక్కించి ఇన్ని రోజులైనది" అన్న మాట మొదట చెప్పాలి. ఆ ఒక్క మాటతో వైద్యుడు చేసే పని మారిపోతుంది.

జనసమ్మర్దం కూడా ఆ రోజులలో పనికిరాదు. మొహర్రం మాసంలో బారాషహీద్ దర్గా వద్ద రొట్టెల పండుగకు పోయి, స్వర్ణాల చెరువులో ఆరోగ్య రొట్టె అందుకొనవలెనని దాదీమా పట్టుపట్టినది. అది మూడవ పర్యాయంలో పదకొండవ రోజు. చివరికి అబ్బా పోయి ఆమె పేరున రొట్టె తెచ్చాడు. ఆమె తృప్తిపడినది.

వాంతి, ఆహారం

ఈనాడు వాంతిని అరికట్టే మంచి మందులు ఉన్నవి. అయితే వాటిని వాంతి మొదలైన తరువాత కాక, వైద్యుడు చెప్పిన వేళకు ముందుగానే వాడాలి. వాటికీ కొన్ని లోపాలు ఉన్నవి. డెక్సామెథసోన్ చక్కెరను పెంచుతుంది; మధుమేహం ఉన్నవారు ఆ రెండు మూడు రోజులు తరచుగా పరీక్షించుకోవాలి. ఆన్‌డాన్‌సెట్రాన్ మలబద్ధం చేస్తుంది. ఓలాంజపిన్ మత్తు కలిగిస్తుంది. రాత్రివేళ లేచిన వృద్ధులు పడిపోవచ్చును. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రివారు 2024లో ప్రకటించిన పరిశోధనలో ఎక్కువగా రొమ్ము క్యాన్సర్ రోగులను పరిశీలించారు. 10 మిల్లీగ్రాములకు బదులు 2.5 మిల్లీగ్రాములు ఇచ్చినా వాంతి అంతే అదుపులో ఉన్నదనీ, పగటి మత్తు తగ్గినదనీ తేలినది. కనుక "మత్తుగా ఉన్నది" అని చెప్పుకొంటే వైద్యునికి మార్గం ఉన్నది. చెప్పకుండా మాత్ర పారవేయడం మార్గం కాదు.

సముద్రపు ఒడ్డు ఇండ్లలో చేపల వాసన లేని పూట ఉండదు. చేపల పులుసు అంటే ప్రాణమైన దాదీమాకు ఆ వాసనకే వాంతి వచ్చేది. అమ్మీ వంటను పెరటి పొయ్యి మీదికి మార్చినది. వేడివేడి పదార్థానికి వాసన ఎక్కువ. చల్లారిన తరువాత పెడితే తేలికగా తినగలుగుతారు. మూడు పూటలకు బదులు ఆరుసార్లు కొద్దికొద్దిగా పెట్టాలి. గంజి, పెరుగన్నం, ఉడికించిన గ్రుడ్డు, మెత్తని పప్పు, ఓర్చుకొన్నప్పుడు కారం తగ్గించిన చేప, ఇవి బలం. అప్పుడే వండినది పెట్టాలి. రాత్రిది తెల్లవారి పెట్టరాదు. నీళ్ళు కాచి చల్లార్చినవి కావాలి. నోరు పూస్తే గోరువెచ్చని నీటిలో చిటికెడు ఉప్పు, చిటికెడు వంటసోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించడం మేలు.

మలబద్ధాన్ని సిగ్గుపడి దాచరాదు. ఈ వ్యాధిలో కడుపు ఉబ్బి, వాంతులై, మలమూ గాలీ రెండూ ఆగిపోతే ప్రేగు మూసుకొన్నదని అనుమానించి ఆసుపత్రికి పరుగెత్తాలి. మగపిల్లలు అవ్వను ఈ సంగతి అడుగలేరు. కోడలో, మనుమరాలో రోజూ అడిగి తెలిసికోవాలి.

ఉపవాసాల సంగతి కూడా చెప్పాలి. రంజాన్ రోజాలు మానవలసి వచ్చినందుకు దాదీమా మందుకంటె ఎక్కువ బాధపడినది. రోగికి రోజానుండి మినహాయింపు ఖురాన్ షరీఫ్ రెండవ అధ్యాయంలోనే ఉన్నదని మా ఊరి మౌల్వీగారు స్వయంగా వచ్చి చెబితేగాని ఆమె మనస్సు కుదుటపడలేదు. కార్తీక సోమవారాలు, ఏకాదశులు ఉండే పెద్దలకు కూడా ఇదే మాట. ఈ మందులు వాడే రోజులలో నీరు త్రాగకపోవడం మూత్రపిండాలకు హాని.

కాళ్ళు, చేతులు

నాలుగవ పర్యాయం తరువాత ఒక ఉదయం వాకిట నెత్తుటి అడుగులు కనిపించినవి. సరుగుడు తోటలో పుల్లలు ఏరవచ్చిన దాదీమా అరికాలిలో ఎండిన సరుగుడు కాయ గుచ్చుకొని ఉన్నది. ఆమెకు తెలియలేదు. అరికాళ్ళు మొద్దుబారి నెలరోజులైనదని అప్పుడు చెప్పినది. "మందు ఆపివేస్తారేమోనని చెప్పలేదు" అన్నది.

ఇది అందరు రోగులలోనూ ఉండే భయం. నిజానికి వైద్యుడు చేసేది మందు ఆపివేయడం మాత్రమే కాదు. మోతాదు తగ్గించవచ్చును, మూడు వారాల మందును వారానికింత అని విభజించవచ్చును, మందు మార్చవచ్చును. చెప్పకపోతే నరాలు ఇంకా దెబ్బతిని కొందరిలో ఏండ్ల తరబడి తిమ్మిరి నిలిచిపోతుంది. దీనిని రాకుండా ఆపుతుందని నిరూపింపబడిన విటమిన్ మాత్ర ఏదీ లేదు. నొప్పి ఎక్కువైతే డులోక్సెటిన్ అనే మందు కొంత ఉపశమనం ఇస్తుంది. అదీ వైద్యుడు వ్రాస్తేనే.

ఇంటివారు చేయదగినవి చాలా ఉన్నవి. ఇంటిలో కూడా చెప్పులు వేయించడం. ప్రతి సాయంత్రం అరికాళ్ళు చూడడం. స్నానపు నీటి వేడిని మన చేతితో చూచిన తరువాతనే వారికి పోయడం. రాత్రి దీపం ఆర్పకుండా ఉంచడం. మరుగుదొడ్డి దారిలో చాపలు, తడి లేకుండా చూడడం. పట్టుకొనడానికి గోడకు ఒక కమ్మీ బిగించడం. పొయ్యి దగ్గర పని కొన్నాళ్ళు మాన్పించాలి.

నీరసం, జుట్టు, మనస్సు

మందు ఎక్కించిన రెండు మూడు రోజులకు ఒళ్ళంతా కీళ్ళునొప్పులు వచ్చి కొద్ది రోజులలో తగ్గుతాయి. నీరసం మాత్రం నిద్రతో తీరదు. పడుకొని ఉండేకొద్దీ కండలు కరిగి ఇంకా పెరుగుతుంది. రోజూ కొద్దిసేపు, వాకిలినుండి వీధిమలుపువరకైనా తోడుతో నడిపించాలి. ఆయాసం, గుండెదడ ఉంటే రక్తం తగ్గినదేమో పరీక్షించాలి.

జుట్టు రెండు మూడు వారాలలో రాలుతుంది. చికిత్స ముగిసిన కొన్ని నెలలకు తిరిగి వస్తుంది. "ముసలిదానికి జుట్టు ఎందుకు" అని మనం అనుకొంటాము. దాదీమా అద్దాన్ని గోడవైపు త్రిప్పిపెట్టిన రోజున మా పొరపాటు మాకు తెలిసినది.

మరపు, దిగులు కూడా చికిత్సలో భాగమే. రోగి ఎదుట వ్యాధి పేరు దాచి, తలుపు చాటున గుసగుసలాడడం మన ఇండ్లలో మర్యాదగా సాగుతున్నది. రోగికి అన్నీ తెలుస్తూనే ఉంటాయి. తెలిసినట్లు చెప్పుకొనే మనిషి మాత్రం దొరకడు.

ఓర్పు అనగా ఏమి?

మన పెద్దలు సబ్ర్ అనీ, ఓర్పు అనీ నేర్పిన గుణం గొప్పది. ఆ గుణంతోనే వారు తుఫానులను, అప్పులను, ప్రసవాలను దాటారు. కాని ఈ చికిత్సలో బాధ ఒక వార్త. ఏ అవయవానికి దెబ్బ తగిలినదో శరీరం పంపే కబురు అది. కబురును దాచిపెట్టడం ఓర్పు కాదు. మందును ఓర్చుకొనడం రోగి పని. కబురును అడిగి తీసికొని వైద్యునికి చేర్చడం మన పని.

రెండవ పర్యాయంనుండి నేను ఒక నోటుపుస్తకం పెట్టినాను. ఎడమ పుటలో రోజు సంఖ్య, జ్వరం అంక, త్రాగిన నీళ్ళు, విరేచనం, తిన్నది. కుడి పుటలో దాదీమా చెప్పిన మాటలు, ఆమె మాటలలోనే. మొదట "బాగున్నాను బేటీ" అని తప్ప ఏమీ చెప్పేది కాదు. "ఎట్లున్నావు?" అని అడగడం మాని, "నిన్నటికంటె కాళ్ళ తిమ్మిరి ఎక్కువా, తక్కువా?" అని అడగడం నేర్చుకొన్నాను. అప్పుడు చెప్పేది. అరికాలి గాయం తరువాత ఏదీ దాచలేదు. అయిదవ పర్యాయానికి వైద్యురాలు ఆ పుస్తకం చదివి మందు మోతాదు మార్చారు.

ఆరు పర్యాయాలూ పూర్తి అయినవి. ఈ వ్యాధి ముదిరిన తరువాత కనుగొన్నవారిలో ఎక్కువమందికి తిరగబెడుతుంది. దాదీమాకూ ఏడాదిన్నర తరువాత తిరగబెట్టినది. మరల కొన్నాళ్ళు మందు తీసికొని, ఇక చాలునని ఆమెయే చెప్పినది. ఆ మాటను కూడా పుస్తకంలో వ్రాసి వైద్యురాలికి చూపినాము, వారు గౌరవించారు. నొప్పికి మార్ఫిన్ ఇచ్చారు. 2014లో చట్టం సవరించిన తరువాత ఆ మందు దొరకడం కొంత సులభమైనది. గత సంవత్సరం ఆమె తన మంచం మీదనే, మా అందరి మధ్య కన్నుమూసినది. చికిత్స ఇచ్చిన ఏడాదిన్నరలో ఆమె మా అక్క పెండ్లి చూచినది. తిరిగి చేపల పులుసు తిన్నది.

ఒక విన్నపం

అడయారులోని క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌ను డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డిగారు తన సోదరి క్యాన్సర్‌తో మరణించిన బాధనుండి సంకల్పించి, 1954లో పన్నెండు పడకలతో ప్రారంభించారు. 1955లో అందు చేరిన డాక్టర్ వి. శాంతగారు 2021లో మరణించేవరకు ఆ సంస్థకే జీవితం అంకితం చేశారు. నేడు మన నెల్లూరులోనే రెడ్‌క్రాస్ సంఘంవారి క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన ప్రభుత్వ పథకం పేర్లు మారుతూ సాగుతున్నది. పెద్దలు పెద్ద పనులు చేశారు. మనకు మిగిలినది చిన్న పని.

మన కళాశాలలో ఉర్దూ శాఖ, తెలుగు శాఖ ప్రక్కప్రక్కనే ఉన్నవి. ఇంగ్లీషు చదివే విద్యార్థులు ఇంటింటా ఉన్నారు. జ్వరం అంక, అపాయ సూచనలు, వెంటనే పోవలసిన చోటు, ఈ మూడు విషయాలు పెద్ద అక్షరాలతో, ఒక వైపు ఉర్దూలో, ఒక వైపు తెలుగులో ముద్రించిన ఒక్క కాగితం మన రెండు శాఖలు కలిసి తయారుచేయవచ్చును. వైద్యులకు చూపి సరిదిద్దించి, తీర గ్రామాలలో మన విద్యార్థుల ద్వారా పంచవచ్చును. దీనికి కళాశాల సంఘంవారు అనుమతించి, ముద్రణ ఖర్చు భరింపవలెనని వినయంతో కోరుతున్నాను.

మిత్రులారా! మీ ఇంట పెద్దలు ఆసుపత్రినుండి వచ్చిన రోజున సంచిలో ఒక ఇంగ్లీషు కాగితం ఉంటుంది. దయచేసి ఆ రాత్రే చదివి వినిపించండి. నేను పదిరోజులు ఆలస్యంగా చదివినాను.